పిడుదు పట్టిందా? కిరసనాయిలు సీసా ముందు పక్కన పెట్టండి

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా పిడుదుల మీదే ఉన్నాయి. వానలు వెనకబట్టి గడ్డి మోకాళ్ళు దాటి పెరిగే రోజులు కదా, మామూలే. పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, ఇటు పాతపట్నం వైపు నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఒకేలా ఉన్నవాటిని కలిపి జవాబులు రాస్తున్నాను. మీ ఊళ్ళో గోమారి అన్నా, పిడుదు అన్నా ఇక్కడ ఒకటే. ఇంకో మాట, నేను పశువుల డాక్టర్ని. మనుషుల జబ్బుల గురించి పశువుల దగ్గర పనిచేసే ఇంట్లో తెలియాల్సినంత వరకే చెప్తాను. మందు రాయాల్సింది మాత్రం మిమ్మల్ని చూసిన డాక్టరే.

జీడితోట నుంచి వచ్చాక మా ఆరేళ్ళ బాబు చెవి వెనక పిడుదు కనిపించింది. మా అత్తగారు కిరసనాయిలు రాస్తే కాసేపటికి ఊడింది కానీ అక్కడ నల్లటి చుక్క ఉండిపోయింది. జ్వరం వస్తుందేమోనని ఒకటే టెన్షన్‌గా ఉంది. — ఒక తల్లి, కాశీనగరం

పిడుదు కరిచిన ప్రతివాళ్ళకీ జబ్బు రాదమ్మా, చాలామందికి రెండు రోజులు దురద పెట్టి పోతుంది. ఆ నల్ల చుక్క పిడుదు నోటి ముక్క అయి ఉంటుంది. పిన్నీసు పెట్టి తవ్వకండి, ముల్లు ముక్క దానంతట అదే బయటికి వచ్చినట్టు చర్మం కొద్దిరోజుల్లో దాన్ని తోసేస్తుంది. సబ్బుతో కడిగి వదిలేయండి. చీము పడితే డాక్టరుకి చూపించండి.

కిరసనాయిలు ఎందుకు వద్దంటున్నానో చెప్తాను. పిడుదు నోట్లో రెండు చిన్న కత్తుల్లాంటివి ఉంటాయి, వాటితో చర్మం కోస్తుంది. మధ్యలో ఒక కడ్డీ, దాని నిండా వెనక్కి తిరిగిన ముళ్ళు, చేపల గాలానికి ఉండే ముల్లు లాంటివే. లోపలికి సులువుగా దిగుతుంది, వెనక్కి రాదు. అది చాలక చాలా రకాల పిడుదులు లాలాజలంతో చుట్టూ సిమెంటు లాంటి జిగురు పోసుకుంటాయి. ఆ లాలాజలంలోనే నొప్పి తెలియకుండా చేసేవి, రక్తం గడ్డకట్టకుండా చేసేవి ఉంటాయి, అందుకే మీ బాబుకి అది పట్టిన సంగతే తెలియలేదు. అలా తిండి మీద ఉన్నదాని ఒంటి మీద కిరసనాయిలో, సున్నమో, వెలిగించిన అగ్గిపుల్లో పెడితే అది చికాకుపడి కడుపులో ఉన్నది గాయంలోకి కక్కే ప్రమాదం ఉంది. క్రిములు ఉండేదే అక్కడ.

సన్న మొన ఉన్న పట్టకారు తీసుకోండి. ఉబ్బిన పొట్టను కాదు, చర్మానికి ఆనుకుని ఉన్న తల దగ్గర పట్టుకోండి. మెలితిప్పకుండా, కుదపకుండా, ఒకే బలంతో నిటారుగా పైకి లాగండి. పట్టకారు లేకపోతే వేళ్ళకి గుడ్డ చుట్టుకుని తీయండి, వట్టి గోళ్ళతో చిదమకండి. తర్వాత చోటునీ చేతుల్నీ సబ్బుతో కడగండి. ఎంత త్వరగా తీస్తే అంత మంచిది, కొన్ని క్రిములు లాలాజలంతో పాటు మనిషిలోకి దిగడానికి గంటలు పడుతుంది. క్యాలెండరులో ఆ తేదీ మీద ఒక గుర్తు పెట్టుకోండి. రెండు మూడు వారాల లోపు జ్వరం, తలనొప్పి, ఒంటి మీద దద్దుర్లు వస్తే డాక్టరు అడగకపోయినా "ఫలానా రోజు పిడుదు కరిచింది" అని మీరే చెప్పండి. జ్వరం అన్న ఒక్క మాటే విని ఆయన మలేరియా పరీక్షకి పంపితే తప్పు ఆయనది కాదు.

అత్తగారిని ఏమీ అనకండి. ఆవిడకి తెలిసిన వైద్యం ఆవిడ చేశారు.

పిడుదు పురుగే కదండీ? మా తాతయ్య అవి పేడలోంచి పుడతాయంటాడు. రోజూ ఏరి పారేస్తున్నా తెల్లారేసరికి మళ్ళీ ఆవు గంగడోలు నిండా ఉంటున్నాయి. ఎక్కడి నుంచి వస్తున్నాయి? — డిగ్రీ విద్యార్థి, పర్లాకిమిడి

మంచి ప్రశ్న బాబూ, దీనికి కాస్త పొడుగ్గానే చెప్పాలి.

పిడుదు ఈగ, దోమల జాతి కాదు. సాలీడు, తేలు బంధువర్గం. పెద్దదాన్ని తిరగేసి లెక్కపెట్టు, ఎనిమిది కాళ్ళు ఉంటాయి. గుడ్డులోంచి అప్పుడే వచ్చిన పిల్లకి మాత్రం ఆరే. ఆ పిల్ల రక్తం తాగి, కుబుసం విడిచి, ఎనిమిది కాళ్ళ చిన్న పిడుదు అవుతుంది. అది మళ్ళీ తాగి పెద్దదవుతుంది. గుడ్డు తప్ప మిగతా ప్రతి దశకీ రక్తం కావాల్సిందే.

చదువుకునే రోజుల్లో ఒక పని చేశాను, నువ్వూ చెయ్యి. బఠాణీ గింజంత ఉబ్బి బూడిద రంగులో ఉన్న ఆడ పిడుదును గాజు సీసాలో వేసి, మూతికి పల్చటి గుడ్డ గట్టిగా కట్టి నీడన పెట్టు. వారం లోపే తల దగ్గర నుంచి గోధుమరంగు గుడ్లు ఒకటి తర్వాత ఒకటి రావడం మొదలవుతుంది, ఆవాల కంటే చాలా చిన్నవి, మెరుస్తూ ఒకదానికొకటి అంటుకుని కుప్పగా పడతాయి. కుప్ప పెరిగేకొద్దీ తల్లి ముడుచుకుపోయి చివరికి ఎండిన తొక్కలా చచ్చిపోతుంది. ఒక్క ఆవు పిడుదు పెట్టే గుడ్లు రెండు వేల నుంచి నాలుగు వేల దాకా ఉంటాయి. అది చూశాక ఏరిన పిడుదును నేల మీద పారేయాలని ఎవరికీ అనిపించదు. నువ్వు రోజూ చేస్తున్నది అదే, సాలలో విత్తనం చల్లుతున్నావు.

పుట్టిన పిల్లలు గడ్డి పరక ఎక్కి, కొసన ముందు కాళ్ళు చాచి ఎదురుచూస్తాయి. ఎగరవు, గెంతవు, చెట్టు మీంచి దూకవు. ముందు కాళ్ళ మీద హాలర్ అవయవం అనే చిన్న గుంట ఉంటుంది. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడును, ఒంటి వేడిని, వాసనను దాంతోనే పసిగడతాయి. ఆవు రాసుకుంటూ పోయిందా, పట్టుకుని ఎక్కేస్తాయి. ఎవరూ రాకపోతే తిండి లేకుండా నెలల తరబడి ఉండగలవు. వారం రోజులు ఆవుని ఆ గట్టుకి తోలకపోతే చచ్చిపోతాయనుకోవద్దు.

ఇక్కడ రకాల తేడా తెలియాలి. మన ఆవుల మీద ఎక్కువగా కనిపించే రైపిసెఫాలస్ మైక్రోప్లస్ అనే రకం పిల్లగా ఎక్కి, అదే ఆవు మీద సుమారు మూడు వారాలు ఉండి, ఉబ్బిన తల్లిగా దిగుతుంది. హయలోమా అనే ఇంకో జాతి అలా కాదు, పొడుగాటి కాళ్ళ మీద చారలు ఉంటాయి చూడు. అది తాగినప్పుడల్లా దిగిపోయి గోడ పగుళ్ళలో, రాళ్ళ సందుల్లో దాక్కుని కుబుసం విడిచి మళ్ళీ ఇంకో పశువును పట్టుకుంటుంది. తాతయ్య మాట పేడ విషయంలో తప్పు కానీ, సాలలోంచే వస్తున్నాయన్నది చాలావరకు నిజం. ఆవు మీద నీకు కనబడేవి కొన్నే, మిగతావి గోడలోనూ గట్టు మీదా ఉన్నాయి.

మరి చేయాల్సిందేమిటంటే, ఏరినవాటిని సబ్బు నీళ్ళ డబ్బాలో వెయ్యి, కిరసనాయిలు పనికొచ్చే చోటు కూడా ఈ డబ్బానే. గోడ పగుళ్ళు పూడ్చండి, మట్టి గోడైతే ఏటా అలికించండి. మందు పిచికారీ చేసేటప్పుడు ఆవుతో పాటు గోడలకీ, మూలలకీ కొట్టాలి, అప్పుడు పశువులు బయట ఉండాలి, గడ్డిమీదా కుడితి తొట్టిమీదా పడకూడదు. గుడ్లు చావవు కాబట్టి డాక్టరు చెప్పిన గడువుకి మళ్ళీ కొట్టాలి. నీళ్ళు ఎక్కువ కలిపి పల్చగా కొట్టడం, ఏళ్ళ తరబడి అదే మందు వాడడం వల్ల మందుకి లొంగని పిడుదులే మిగులుతాయి. డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ లాంటి మందులకి మన దేశంలో చాలాచోట్ల అదే జరిగింది.

సంతలో జెర్సీ ఆవును కొన్నాను. నెల తిరక్కుండానే ఒళ్ళు కాలిపోయే జ్వరం, మూత్రం కాఫీ డికాక్షన్‌లా వచ్చింది, నాలుగో రోజుకి పోయింది. పక్కింటి నాటు ఆవులకి అంతకంటే ఎక్కువ పిడుదులున్నా ఏమీ కాలేదు. దిష్టి తగిలిందంటున్నారు. — ఒక రైతు, పాతపట్నం దగ్గర

మీ నష్టం చిన్నది కాదు, అప్పు చేసి కొన్నారని కూడా రాశారు. దిష్టి కాదండీ. మీరు చెప్పిన లక్షణాలు బెబీసియోసిస్‌వి, రైతులు ఎర్రమూత్రం జబ్బు అంటారు. పిడుదు కాటుతో వెళ్ళిన క్రిమి ఎర్రరక్తకణంలో దూరి దాన్ని పగలగొడుతుంది, ఆ ఎరుపంతా మూత్రంలో పోతుంది. ఈ జబ్బుకీ పిడుదుకీ ఉన్న లంకె తేల్చింది అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, కిల్‌బోర్న్, 1893లో. మన సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న దోమలో మలేరియా క్రిమిని చూడడానికి నాలుగేళ్ళ ముందు మాట. వాళ్ళు కనిపెట్టిన ఇంకో సంగతి, తల్లి పిడుదులోని క్రిమి గుడ్ల ద్వారా పిల్లలకి కూడా వెళ్తుంది. అంటే పుట్టుకతోనే జబ్బు మోసే పిల్లలు ఉంటాయి.

నాటు పశువులకి తరతరాలుగా పిడుదుతో అలవాటు, వాటి ఒంట్లో తట్టుకునే గుణం ఎక్కువ. పైగా దూడగా ఉన్నప్పుడే ఈ క్రిమి తగిలితే సాధారణంగా స్వల్పంగా వచ్చిపోయి ఒంట్లో రక్షణ మిగులుతుంది. పిడుదులు లేని శుభ్రమైన షెడ్డులో పెరిగిన సంకరజాతి ఆవు పెద్దయ్యాక మొదటిసారి మన గట్ల మీదకి వస్తే ఆ రక్షణ ఉండదు.

దీనికి అన్న లాంటి జబ్బు ఇంకొకటి ఉంది, థైలీరియాసిస్. హయలోమా పిడుదు వల్ల వస్తుంది. జ్వరంతో పాటు జబ్బ ముందు, చెవి కింద బిళ్ళలు వాస్తాయి, కళ్ళు, చిగుళ్ళు పాలిపోతాయి, మూత్రం మామూలుగానే ఉండొచ్చు. రెంటికీ మందులు వేరు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక ఇంటికి వెళ్ళాను, ఆవు ఒళ్ళంతా పిడుదులు, జ్వరం, ఇక ఎర్రమూత్రం జబ్బే మొదలవుతోందని తేల్చేసి దాని ఇంజెక్షన్ చేసి వచ్చేశాను. జబ్బ ముందు చెయ్యి పెట్టి తడమలేదు, చెవి నుంచి రక్తపు చుక్క తీసి గాజు పలక మీద చూడలేదు. మూడో రోజు వెళ్ళేసరికి ఆవు లేదు. ఆ ఇంటావిడ ఖాళీ గుంజ పక్కన కూర్చుని ఉంది, నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ రోజు నుంచి సంచిలో గాజు పలకలు లేకుండా ఏ ఊరికీ వెళ్ళలేదు. అందుకే మీకూ చెప్తున్నాను, డాక్టరు వచ్చినప్పుడు "రక్తం పరీక్ష చేస్తారా" అని అడగడానికి మొహమాటపడకండి. ఎర్రమూత్రానికి డిమినజీన్, థైలీరియాకి బుపార్వాక్వోన్ ఉన్నాయి, మొదటి ఒకటి రెండు రోజుల్లో పడితే చాలా పశువులు లేచి నిలబడతాయి. సంకరజాతి పశువులకి థైలీరియా టీకా కూడా ఉంది. ఈసారి కొంటే సంత నుంచి నేరుగా మందలో కట్టకండి, రెండు వారాలు విడిగా ఉంచి, పిడుదులు పూర్తిగా పోగొట్టి, రోజూ జ్వరం చూస్తూ ఉండండి.

కోతుల నుంచి వచ్చే జ్వరం పిడుదుల వల్లేనట. మహేంద్రగిరి కొండల్లో కట్టెలకి వెళ్తాం, మాకూ వస్తుందా? — పర్లాకిమిడి, సెరంగో ప్రాంతాల నుంచి కొందరు

అది క్యాసనూర్ అటవీ వ్యాధి. 1957లో కర్ణాటక షిమోగా జిల్లాలోని క్యాసనూర్ అడవిలో కోతులు చచ్చిపడుతుంటే, మనుషులకీ జ్వరాలొస్తుంటే బయటపడింది. హీమాఫైసాలిస్ అనే జాతి పిడుదు మోస్తుంది, ముఖ్యంగా దాని మధ్య దశ పిల్లలు, గసగసాలంత ఉంటాయి. ఇది పడమటి కనుమల జబ్బు, కర్ణాటక నుంచి కేరళ, గోవా, మహారాష్ట్ర కొంకణ ప్రాంతం దాకా పాకింది. మన తూర్పు కొండల జబ్బుగా దీనికి పేరు లేదు కాబట్టి కట్టెలకి వెళ్ళడం మానుకోనక్కర్లేదు. అయినా ఒకే చోట కోతులు చచ్చి పడి ఉంటే చేత్తో ముట్టుకోకండి, అటవీ శాఖకో ఆరోగ్య కార్యకర్తకో చెప్పండి.

పశువుల రక్తం చేతికి తగిలే పని ఉన్నవాళ్ళకి ఇంకో మాట. క్రిమియన్ కాంగో జ్వరం 2011లో గుజరాత్‌లో, అహ్మదాబాద్ జిల్లా సానంద్ వైపు బయటపడింది. హయలోమా పిడుదే మోస్తుంది, పశువుకి ఏ లక్షణమూ కనబడదు, మనిషికి మాత్రం ప్రాణాంతకం. కోసేటప్పుడూ, పిడుదులు ఏరేటప్పుడూ చేతులకి తొడుగులు వేసుకోండి, పిడుదును వేళ్ళ మధ్య చిట్లించకండి.

మా మరిదికి పది రోజులు జ్వరం. మలేరియా కాదు, డెంగీ కాదన్నారు, చివరికి స్క్రబ్ టైఫస్ అని తేలింది. ఇప్పుడు బాగానే ఉన్నాడు. పిడుదు వల్లే కాబట్టి ఆవుల్ని అమ్మేయమని మా ఇంట్లో గొడవ. — గుణుపురం

ఆవుల్ని అమ్మకండి, వాటి తప్పేం లేదు. స్క్రబ్ టైఫస్ పిడుదు వల్ల రాదు. దాని దూరపు చుట్టం, చిగ్గర్ అనే నల్లి పిల్ల వల్ల వస్తుంది, మంచంలో ఉండే నల్లి కాదు. ఇది పొదలూ గడ్డీ ఉన్న చోట, ఎలుకల మీద బతుకుతుంది. పిడుదు కనబడుతుంది, ఇది దాదాపు కనబడదు. కుట్టి వెళ్ళిపోయాక వారం, పది రోజులకి జ్వరం మొదలవుతుంది. టైఫాయిడ్‌కీ దీనికీ పేరు కలిసింది తప్ప ఏ సంబంధమూ లేదు.

ఈ జబ్బు మన వైపు వానాకాలం చివర నుంచి చలికాలం దాకా గట్టిగానే ఉంటుంది. 2023 సెప్టెంబరులో ఒడిశాలోనే బర్గఢ్ జిల్లాలో దీనివల్ల మనుషులు చనిపోయారు. బాధేమిటంటే మందు చవక, దొరకనిది కాదు: డాక్సీసైక్లిన్, గర్భిణులకి అజిత్రోమైసిన్. ఆలస్యమే చంపుతోంది. జ్వరం అనగానే పెట్టే సెఫ్ట్రియాక్సోన్ లాంటి ఇంజెక్షన్లు దీని మీద పనిచేయవు, రోజులు గడిచేకొద్దీ ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి.

గుర్తు ఒకటుంది. బీడీతో కాల్చినట్టు నల్లటి పొక్కు, చుట్టూ ఎర్రటి అంచు, నొప్పి ఉండదు, దురద కూడా పెద్దగా ఉండదు. అందుకే ఎవరూ పట్టించుకోరు. అది వచ్చే చోట్లు కూడా అలాంటివే: చంక, గజ్జ, రొమ్ము కింద, లంగా బొందు బిగిసే చోట, మోకాలి వెనక. అందరికీ రాదు కానీ వచ్చినవాళ్ళలో కూడా బట్టల కింద దాగి ఉండిపోతుంది. ఆడవాళ్ళు మగ డాక్టరు ముందు చూపించలేరు, ఆయనా అడగలేడు. ఇంట్లో జ్వరం ఐదు రోజులు దాటితే తల్లో, అక్కో, వదినో స్నానం చేయించేటప్పుడు వెలుతురులో ఒళ్ళంతా వెతకండి. కనిపిస్తే నర్సమ్మకి చెప్పండి. కనిపించకపోయినా "పొలంలో పొదలు కొట్టాడు, గడ్డిలో కూర్చున్నాడు" అని చెప్పి స్క్రబ్ టైఫస్ పరీక్ష అడగండి. మీ మరిదికి పదో రోజు తేలింది, ఐదో రోజు తేలవలసింది.

పొలానికి వెళ్ళేవాళ్ళు పొడుగు చేతుల చొక్కా వేసుకుని, గడ్డి మీద నేరుగా పడుకోకుండా, వచ్చాక సబ్బుతో రుద్ది స్నానం చేసి, ఆ బట్టలు వేడినీళ్ళలో నానబెడితే పిడుదుకీ చిగ్గర్‌కీ రెంటికీ పనికొస్తుంది.

మా కుక్క పిల్లలతోనే పడుకుంటుంది. ఎంత ఏరినా పిడుదులు. ఆవుల మందు రాయొచ్చా? — పర్లాకిమిడి

రాయకండి. ఆవు కొలత కుక్కకి ఎక్కువైపోతుంది, పైగా నాక్కుంటుంది. కుక్క బరువు చెప్పి కుక్కల మందే తీసుకోండి, ఇప్పుడు నోటి మాత్రలు బాగా పనిచేస్తున్నాయి. ఇంట్లో పిల్లి ఉంటే ఇంకా జాగ్రత్త, కుక్కలకి పోసే పర్‌మెత్రిన్ పిల్లికి విషం. కుక్క పిడుదు ఇంట్లోనే, మంచం కోళ్ళ సందుల్లో, గుమ్మం చెక్కల్లో గుడ్లు పెడుతుంది కాబట్టి అక్కడ కూడా శుభ్రం చేయాలి. కుక్కకి ముక్కు నుంచి రక్తం, తిండి మానేయడం, చిగుళ్ళు తెల్లబడడం కనిపిస్తే ఎర్లీకియా అనే జబ్బు కావచ్చు, ఆగకుండా చూపించండి. పిల్లలకి జ్వరంతో పాటు అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా దద్దుర్లు వస్తే కుక్కకి పిడుదులున్నాయని డాక్టరుకి చెప్పండి, స్క్రబ్ టైఫస్ కాక, ఈ పిడుదులు మోసే టైఫస్ రకం ఇంకొకటి ఉంది. కొన్నాళ్ళు కుక్క పడక వేరే చోట వెయ్యండి.

పాలిచ్చే గేదెకి ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ చేయిస్తే పాలు కాచుకుని తాగొచ్చా?

మందు పాలలోకి వస్తుంది, కాచినంత మాత్రాన పోదు. పాలిచ్చే పశువుకి వేరే దారి అడగండి. ఇప్పటికే వేయించి ఉంటే ఎన్ని రోజులు పాలు ఆపాలో వేసినవారిని అడిగి అన్ని రోజులూ ఆపండి, పాల కేంద్రానికి కూడా పోయకండి.

మా కోళ్ళు ఆవు మీది పిడుదుల్ని ఏరుకు తింటాయి. కోళ్ళకేమైనా అవుతుందా? — కాశీనగరం

ఏమీ కాదు, తిననివ్వండి. ఆవు మీద వాలే గోరింకలూ కొంగలూ చేసే మేలు కూడా అదే. కానీ ఆవుకో సాలకో మందు కొట్టిన రోజు మాత్రం కోళ్ళను దూరంగా ఉంచండి.

కోడికి సొంత పిడుదు వేరే ఉంది, బల్లపరుపుగా, మెత్తగా ఉంటుంది. పగలు కోళ్ళగూడు చెక్కల సందుల్లో దాక్కుని, రాత్రి వచ్చి తాగి తెల్లారేలోపు వెళ్ళిపోతుంది, పగలు కోడిని ఎంత వెతికినా పెద్ద పిడుదు దొరకదు. కోళ్ళు కారణం లేకుండా పాలిపోయి గుడ్లు తగ్గిస్తుంటే రాత్రి పదింటికి టార్చి తీసుకుని వెళ్ళండి. కోళ్ళు కూర్చునే కర్రను తిప్పి అడుగువైపు, గూడు మూలల అతుకుల్లో వెలుగు వెయ్యండి.